వేవ్‌లెట్ పొడవు పెంచితే సరిపోలిక పెరుగుతోంది, ఆకారం మాత్రం చెడిపోతోంది: దేన్ని నమ్మాలి?

సుబేదారి సీస్మో (హన్మకొండ)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఇప్పుడు హన్మకొండలో ఇంట్లోనే ఉండి, పాత ల్యాప్‌టాప్ మీద పైథాన్‌లో పని చేసుకుంటున్నాను. ఒకచోట చిక్కుకుపోయాను, ఎవరైనా దారి చూపితే మేలు చేసినవారవుతారు.

నేను వాడుతున్నది కెనడా తూర్పు తీరాన, నోవా స్కోషియా సముద్రంలో తీసిన పెనాబ్‌స్కాట్ త్రీడీ సీస్మిక్ డేటా (భూమిలోకి ధ్వని పంపి, పొరల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనుల రికార్డు). ఇది ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. దానితోపాటు ఎల్-30 అనే బావి లాగులు (బావిలోకి పరికరం దించి లోతువారీగా తీసిన కొలతలు) కూడా ఉన్నాయి. సోనిక్ లాగు నుంచి వేగం, డెన్సిటీ లాగు నుంచి సాంద్రత తీసుకుని, రెంటినీ గుణించి ఇంపీడెన్స్ కట్టాను. పై పొర, కింది పొర ఇంపీడెన్సుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే పరావర్తన గుణకాలు (ఏ సరిహద్దు ఎంత ధ్వనిని వెనక్కి పంపుతుందో చెప్పేవి) వచ్చాయి. లోతును కాలంలోకి మార్చి 4 మిల్లీసెకన్ల అంతరంతో పేర్చాను. పనికొచ్చే భాగం 800 మిల్లీసెకన్లు, అంటే 200 నమూనాలు.

పరావర్తన గుణకాల వరుసకు వేవ్‌లెట్‌ను, అంటే భూమిలోకి పంపిన ధ్వని తరంగపు ఆకారాన్ని, కన్వల్యూషన్ చేసి (ప్రతి గుణకం దగ్గరా దాని నకలు పెట్టి కూడి) కొంత నాయిస్ కలిపితే ట్రేస్ (ఒక చోట నమోదైన సీస్మిక్ సంకేతం) వస్తుందన్నది మనం నమ్మే మోడల్. నాకు ట్రేస్ తెలుసు, గుణకాలు తెలుసు, వేవ్‌లెట్ తెలియదు. గుణకాలను మెట్లు మెట్లుగా జరుపుతూ మాత్రిక కట్టి, కనిష్ఠ వర్గాల పద్ధతిలో వేవ్‌లెట్ కోసం సాధించాను. ఇన్వర్షన్‌లో (ఫలితం నుంచి కారణాన్ని వెనక్కి లెక్కించడంలో) ఇంతకంటే సులువైన లెక్క ఉండదనుకున్నాను.

వచ్చిన ఫలితాలు ఇవి. ఊహించి పెట్టిన 25 హెర్ట్జ్ రికర్ వేవ్‌లెట్‌తో (మధ్యలో శిఖరం, పక్కన రెండు లోయలు ఉండే ప్రామాణిక ఆకారం) కృత్రిమ ట్రేస్ చేస్తే అసలు ట్రేస్‌తో సహసంబంధ గుణకం 0.48. వేవ్‌లెట్‌ను 25 గుణకాలతో (ఇవి వేవ్‌లెట్ ఆకారాన్ని చెప్పే సంఖ్యలు, పరావర్తన గుణకాలు కావు; మధ్య నుంచి అటూ ఇటూ 48 మిల్లీసెకన్లు) సాధిస్తే 0.61. 75 గుణకాలతో (అటూ ఇటూ 148 మిల్లీసెకన్లు) సాధిస్తే 0.75. కానీ ఈ మూడోదాని బొమ్మ చూస్తే భయమేస్తోంది. మధ్యలో ఉండవలసిన శిఖరం చిన్నదైపోయింది, రెండు చివర్లా పెద్ద పెద్ద ఊగిసలాటలు ఉన్నాయి. భూమిలోకి పంపిన ఏ ధ్వని స్పందనా ఇలా ఉంటుందని నాకు అనిపించడం లేదు. మా గైడ్ మాత్రం సంఖ్య ఎక్కువ వచ్చినదాన్నే రాయమంటున్నారు.

ఈ మూడింటిలో దేన్ని తీసుకోవాలి? తీసుకున్నాక అది సరైనదేనని ఎలా చూపించాలి?

ఇంకో మాట. ఇది కుదిరితే ఇదే కోడ్‌ను మన భూపాలపల్లి వైపు బొగ్గు పొరల లాంటి మోడల్ మీద నడపాలని ఉంది. అక్కడికి నా దగ్గర వేగాలు మాత్రమే ఉన్నాయి, సాంద్రతలను గార్డ్‌నర్ సూత్రంతో తెచ్చుకుందామనుకుంటున్నాను.

కోడ్‌పిచ్చి (హైదరాబాద్)

మాత్రికకు డ్యాంపింగ్ కలపండి, చివర్ల ఊగిసలాట తగ్గిపోతుంది. వికర్ణం మీద ఒక చిన్న సంఖ్య కలిపితే చాలు, రెండు పంక్తుల కోడ్. నేనైతే 75 గుణకాలే ఉంచి డ్యాంపింగ్ పెంచుకుంటూ పోతాను.

మాత్రికల మాస్టారు (కరీంనగర్)

నేను భూభౌతిక శాస్త్రం చదవలేదు, డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను. కానీ ప్రశ్నలో సంఖ్యలు అన్నీ ఇచ్చారు కాబట్టి లెక్క చేసి చూడవచ్చు.

సహసంబంధ గుణకాన్ని వర్గం చేస్తే ట్రేస్ శక్తిలో ఎంత భాగాన్ని మీ మోడల్ వివరించిందో తెలుస్తుంది. 0.61 వర్గం 0.37. అంటే 25 గుణకాలతో 37 శాతం వివరించారు, 63 శాతం మిగిలింది. ఆ మిగిలినదంతా వట్టి నాయిస్ అనుకుందాం. 200 నమూనాల్లో 25 స్వేచ్ఛలు (డేటాకు తగ్గట్టు సర్దుకోగల సంఖ్యలు) ఖర్చయ్యాయి కాబట్టి మిగిలినవి 175. ఇప్పుడు మీరు ఇంకో 50 గుణకాలు చేర్చారు. వాటికి డేటాతో ఏ సంబంధం లేకపోయినా, కనిష్ఠ వర్గాల పద్ధతి సగటున ఆ మిగిలిన శక్తిలో 175కు 50వ వంతును వాటి ఖాతాలో వేసేస్తుంది. 63 శాతంలో ఆ వంతు 18. ముప్ఫై ఏడుకు 18 కలిపితే 55 శాతం, దాని వర్గమూలం 0.74.

మీకు వచ్చింది 0.75. అంటే వేవ్‌లెట్ పొడవును మూడింతలు చేసి మీరు సంపాదించినదంతా నాయిస్ నుంచి వచ్చిందే.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే పరీక్షించండి. పరావర్తన గుణకాల వరుసను తలకిందులు చేయండి, కింది గుణకం పైకి, పై గుణకం కిందికి. అలాంటి భూమి ఎక్కడా లేదు, ఆ ట్రేస్‌కూ ఆ వరుసకూ సంబంధం లేదు. అయినా అదే కోడ్‌తో వేవ్‌లెట్ సాధించండి. 25 గుణకాలకు 200లో 25 భాగం, అంటే ఎనిమిదో వంతు శక్తి ఊరికే కుదురుతుంది, సహసంబంధం 0.35 దగ్గర వస్తుంది. 75 గుణకాలకు 0.61 దగ్గర వస్తుంది. ఆ రెండో సంఖ్యను మీ అసలు ఫలితాలతో పోల్చి చూడండి. తలకిందుల భూమితో కూడా 0.61 తెచ్చే పద్ధతి 0.75 తెస్తే దానికి ఎంత విలువ ఇస్తారు?

డ్యాంపింగ్ గురించి. పైన చెప్పినది తప్పు కాదు, కానీ ఎంత కలపాలో చెప్పలేదు. మీ మాత్రికను దాని తిప్పిన రూపంతో గుణిస్తే వచ్చేది పరావర్తన గుణకాల స్వయంసహసంబంధాల (వరుసను జరుపుతూ దానితోనే పోల్చినప్పుడు వచ్చే విలువల) మాత్రిక. ప్రతి వికర్ణం మీదా ఒకే సంఖ్య ఉంటుంది, దాన్ని టోప్లిట్జ్ మాత్రిక అంటారు. లాగులో ఏ పౌనఃపున్యాల దగ్గర శక్తి తక్కువగా ఉంటుందో అక్కడ దీని ఐగెన్ విలువలు సున్నాకు దగ్గరపడతాయి. వాటితో భాగించినప్పుడు నాయిస్ ఉబ్బిపోతుంది. వికర్ణం విలువలో 1 శాతం, 5 శాతం, 10 శాతం చొప్పున కలిపి చూడండి. ఏది ఎంచుకోవాలన్నది మాత్రం అదే డేటా మీద సహసంబంధం చూసి తేల్చకండి. పై 400 మిల్లీసెకన్ల నుంచి వేవ్‌లెట్ సాధించి, కింది 400 మిల్లీసెకన్ల మీద ప్రయోగించండి. అక్కడ ఏది నిలబడితే దాన్ని తీసుకోండి.

ఈ టోప్లిట్జ్ రూపానికి మీ రంగంలో పెద్ద చరిత్రే ఉంది. 1950లలో ఎంఐటీలో సీస్మిక్ డేటాను కంప్యూటర్ మీద పరిశీలించిన బృందంలో ఎండర్స్ రాబిన్సన్ ఉన్నారు, ఆయన 1954 సిద్ధాంత వ్యాసం డీకన్వల్యూషన్‌కు (ట్రేస్ నుంచి వేవ్‌లెట్ ప్రభావాన్ని తీసేయడానికి) పునాది. కంప్యూటర్ సమయం బంగారంలా ఉన్న ఆ రోజుల్లో, మామూలుగా కొలత ఘనంతో పెరిగే లెక్కను లెవిన్‌సన్ పద్ధతి వర్గానికి దించింది. 75 కొలతల మాత్రికకు ఇప్పుడు అదేమీ అవసరం లేదు, సరదాకు చెప్పాను.

గోదావరి లోయ (మంచిర్యాల)

మాస్టారు లెక్క చూసి సంతోషమేసింది. ఈ సంగతి చెప్పడానికి నేనైతే రెండు పేజీలు తిట్టేవాణ్ని. గుడ్డ ఎంత కావాలంటే అంత ఇస్తే దర్జీ స్తంభానికైనా చొక్కా కుడతాడు. చొక్కా సరిపోయింది కాబట్టి స్తంభం మనిషే అంటే ఎలా?

అమ్మా, నేను రిటైరైన ఫీల్డు మనిషిని. సీస్మిక్ పని చాలా ఏళ్లు చేశాను, అందులో కొంత మన బొగ్గు నేలల్లో. మాస్టారు మాత్రిక దగ్గర మొదలుపెట్టారు, నేను దానికంటే ముందు చూడవలసినవి చెబుతాను. మాత్రిక కట్టేసరికే పని సగం పాడైపోయి ఉంటుంది, ఆ తరువాత ఎంత తెలివిగా సాధించినా లాభం లేదు.

మొదటిది కాలం. మీ డేటాలో ప్రధాన పౌనఃపున్యం 25 హెర్ట్జ్ దగ్గర ఉందంటే ఒక ఆవర్తనం 40 మిల్లీసెకన్లు. అందులో పావు వంతు 10 మిల్లీసెకన్లు. లాగును కాలంలోకి మార్చడంలో 10 మిల్లీసెకన్లు తేడా వస్తే మీ వేవ్‌లెట్ 90 డిగ్రీల ఫేజ్ (ఆవర్తనంలో తరంగం ఉన్న స్థానం, డిగ్రీల్లో) తిరిగినట్టు కనిపిస్తుంది. 20 మిల్లీసెకన్ల తేడాకు తలకిందులైనట్టు కనిపిస్తుంది. ఇన్వర్షన్ నోరెత్తదు. కాలంలో ఉన్న తప్పును తీసుకుపోయి వేవ్‌లెట్ ఆకారంలో దాచేస్తుంది, మీరేమో దాని మీద ఫేజ్ గురించి పేరాలు రాస్తారు. సోనిక్ పరికరం పని చేసేది కిలోహెర్ట్జ్‌లలో, సీస్మిక్ పదుల హెర్ట్జ్‌లలో. అదే రాయిలో ఎక్కువ పౌనఃపున్యపు తరంగం కొంచెం వేగంగా పోతుంది. కాబట్టి సోనిక్ నుంచి కూడిన కాలం, అసలు సీస్మిక్ కాలం కంటే సాధారణంగా తక్కువగా తేలి, లోతు పెరిగేకొద్దీ ఆ తేడా పేరుకుపోతుంది. పైగా సోనిక్ లాగు సముద్రగర్భం నుంచి మొదలవదు. లాగు లేని పై భాగానికి మీరు ఏ వేగం పెట్టారో ప్రశ్నలో రాయలేదు. చెక్‌షాట్ (పైన ధ్వని పుట్టించి, బావిలో వేర్వేరు లోతులకు అది చేరే కాలాన్ని నేరుగా కొలవడం) దొరికితే దానితో సరిచేయండి. దొరకకపోతే కనీసం మొత్తం లాగును అటూ ఇటూ జరిపి చూడండి. కానీ నచ్చిన చోటల్లా సాగదీసి, కుదించి సరిపోలిక తెచ్చుకోకండి. అది కూడా దర్జీకి ఇంకా గుడ్డ ఇవ్వడమే.

రెండోది, ముందుగా లాగును కంటితో చూడండి. బావి గోడ విరిగిపడిన చోట సోనిక్ పరికరం మొదటి తరంగాన్ని పట్టుకోలేక తరువాతి దాన్ని పట్టుకుంటుంది, లాగు మీద మేకుల్లా పొడుచుకు వస్తాయి. అవి నిజంగా లేని పొరలు. వర్గాల పద్ధతికి పెద్ద విలువంటే ప్రాణం, అలాంటి నాలుగు మేకులు ఉంటే వాటి కోసం మిగిలిన భూమినంతా పక్కన పెట్టేస్తుంది. క్యాలిపర్ లాగు (బావి వెడల్పు కొలత) ఉంటే పక్కన పెట్టుకుని, గోడ వెడల్పైన చోట్లన్నీ సరిచేశాకే మాత్రిక కట్టండి.

మూడోది ధ్రువత. మీది సముద్రపు డేటా కావడం మీ అదృష్టం. నీటి నుంచి సముద్రగర్భపు మట్టిలోకి వెళ్లేటప్పుడు ఇంపీడెన్స్ కచ్చితంగా పెరుగుతుంది. అక్కడ ట్రేస్ మీద శిఖరం ఉందా, లోయ ఉందా చూడండి. పెరుగుదలను శిఖరంగా చూపే సంప్రదాయమూ ఉంది, లోయగా చూపేదీ ఉంది. ఇది ఐదు నిమిషాల పని, ఇది చేయకుండా 180 డిగ్రీల వేవ్‌లెట్‌తో వ్యాసాలు రాసినవారిని చూశాను. సముద్రగర్భపు పరావర్తనమే వేవ్‌లెట్ అనుకుని దాన్నే కిందికి తీసుకుపోకండి. లోతుకు వెళ్లేకొద్దీ ఎక్కువ పౌనఃపున్యాలు అరిగిపోతాయి, కింద ఉన్న వేవ్‌లెట్ మరింత వెడల్పుగా ఉంటుంది. మాస్టారు చెప్పిన సగం సగం పరీక్షలో కూడా ఈ కారణంగా కొంత తగ్గుదల తప్పదు. దానికి కంగారు పడవద్దు.

బావి చుట్టూ ఉన్న ట్రేసులు వెతికి బాగా సరిపోయినదాన్ని తీసుకోవడం మామూలే. మైగ్రేషన్‌లో (ప్రతిధ్వనులను వాటి అసలు స్థానాలకు చేర్చే లెక్కలో) పరావర్తనాలు కొంచెం పక్కకు జరిగి ఉండవచ్చు కాబట్టి దానికి కారణం కూడా ఉంది. అయితే ఎంత విస్తీర్ణంలో వెతికారో వ్యాసంలో రాయండి. ఎక్కువ వెతికితే ఎక్కడో ఒకచోట మంచి సంఖ్య దొరకడం వింత కాదు.

మీ గైడ్ గారితో గొడవ పడకండి. తలకిందుల లాగు ఫలితాన్ని మీ ఫలితం పక్కనే ఒకే బొమ్మలో పెట్టి చూపించండి. అది చూశాక ఆయనే తేల్చుకుంటారు.

సుబేదారి సీస్మో (హన్మకొండ)

సర్, మాస్టారు గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. కొన్ని పనులు చేసి చూశాను.

తలకిందుల లాగుతో 25 గుణకాలకు 0.33, 75 గుణకాలకు 0.63 వచ్చాయి. మాస్టారు గారు కాగితం మీద వేసిన సంఖ్యలకు ఇంత దగ్గరగా వస్తాయని అనుకోలేదు. పై సగం నుంచి సాధించి కింది సగం మీద ప్రయోగిస్తే 75 గుణకాల వేవ్‌లెట్ 0.17కు పడిపోయింది, 25 గుణకాలది 0.40 దగ్గర నిలిచింది.

లాగు లేని పై భాగానికి ఒకే సగటు వేగం పెట్టాను. చెక్‌షాట్ విలువలతో సరిచేశాక లాగు మొత్తం కొద్దిగా కిందికి జరిగింది, కింది భాగంలో ఎక్కువగా. సోనిక్ మేకులను తొలగించి, 25 గుణకాలకు 5 శాతం డ్యాంపింగ్ కలిపితే సహసంబంధం 0.66, సగం సగం పరీక్షలో 0.52. వేవ్‌లెట్ ఇప్పుడు చూడదగ్గదిగా ఉంది, మధ్యలో ఒకే శిఖరం, పక్కన రెండు చిన్న లోయలు.

ఒకటి మాత్రం తేలడం లేదు. ఫేజ్ ఒకచోట నిలవడం లేదు. కాలపు కిటికీని పైకో కిందికో 100 మిల్లీసెకన్లు జరిపితే 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య తిరుగుతోంది. ఏది రాయాలి?

కోడ్‌పిచ్చి (హైదరాబాద్)

ఇలాంటి చోటే బేసియన్ పద్ధతి పనికొస్తుంది. 2003లో బూలాండ్, ఓమ్రె అనే ఇద్దరు వేవ్‌లెట్, కాలపు తేడాలు, నాయిస్ స్థాయి, లాగులోని తప్పులు అన్నింటినీ తెలియనివిగానే ఉంచి ఒకేసారి అంచనా కట్టే పద్ధతిని ప్రచురించారు. చివరికి ఒక్క వేవ్‌లెట్ కాకుండా వేవ్‌లెట్‌ల గుంపు వస్తుంది. దాని వెడల్పు చూస్తే ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలుస్తుంది. కోడ్ కొంచెం పెద్దదే, కానీ మీ 25 గుణకాలకు ల్యాప్‌టాప్ చాలు.

మాత్రికల మాస్టారు (కరీంనగర్)

అంత దూరం వెళ్లలేకపోతే సులువైన దారి ఉంది. సరిపోలాక మిగిలిన నాయిస్‌ను ముక్కలుగా కోసి, ముక్కల వరుస తారుమారు చేసి, తిరిగి కృత్రిమ ట్రేస్‌కు చేర్చి మళ్లీ మళ్లీ సాధించండి. ముక్క ఒక ఆవర్తనం కంటే పొడవుగా ఉండాలి. ఒక్కో నమూనాను విడివిడిగా తారుమారు చేస్తే నాయిస్ స్వభావమే మారిపోతుంది. ప్రతిసారీ వచ్చిన ఫేజ్‌ను నమోదు చేసుకుని, వాటి విస్తృతిని రాయండి.

గోదావరి లోయ (మంచిర్యాల)

ఏది రాయాలని అడిగారు. 20 నుంచి 60 వరకు అని రాయండి. 40 డిగ్రీలు అని ఒక్క సంఖ్య రాస్తే చదివేవాడు దాన్ని డేటా నుంచి తిప్పి తీసేస్తాడు, అసలు ఫేజ్ 60 అయితే 20 డిగ్రీలు మిగిలిపోతుంది, అదీ ఎవరికీ తెలియకుండా. 25 హెర్ట్జ్ దగ్గర 40 డిగ్రీల తేడా అంటే నాలుగున్నర మిల్లీసెకన్లు, మీ నమూనా అంతరం కంటే కాస్త ఎక్కువ. అంతకంటే నిక్కచ్చిగా చెప్పగలనని నేనైతే పందెం కాయను.

ఇక భూపాలపల్లి మాట. గార్డ్‌నర్ సూత్రాన్ని బొగ్గు దగ్గరకు తీసుకురావద్దు. మీటర్లలో వేగం తీసుకుని, దాని నాలుగో మూలాన్ని 0.31తో గుణించమంటుంది ఆ సూత్రం. 2200 వేగం ఉన్న బొగ్గుకు అది 2.12 సాంద్రత ఇస్తుంది. బొగ్గు సాంద్రత 1.4 దగ్గర ఉంటుంది. పైనున్న ఇసుకరాయికి 3000 వేగం, 2.3 సాంద్రత పెట్టి లెక్కించండి. అసలు సాంద్రతతో పరావర్తన గుణకం మైనస్ 0.38, గార్డ్‌నర్‌తో మైనస్ 0.19. సగానికి సగం. ఆ లోటును ఇన్వర్షన్ ఎక్కడ పూడుస్తుంది? వేవ్‌లెట్‌ను రెట్టింపు చేసి పూడుస్తుంది. సూత్రం పనిచేసే ఇసుకరాయి, షేల్ పొరల దగ్గర అదే రెట్టింపు వేవ్‌లెట్ తప్పుగా కూర్చుంటుంది. బొగ్గుకు సాంద్రత విడిగా పెట్టండి, మిగిలిన పొరలకు సూత్రం వాడుకోండి.

బొగ్గుతో ఇంకో చిక్కు ఉంది. 5 మీటర్ల పొరకు రానూ పోనూ కాలం నాలుగున్నర మిల్లీసెకన్లే. 60 హెర్ట్జ్ తరంగానికి బొగ్గులో తరంగదైర్ఘ్యం సుమారు 37 మీటర్లు, అందులో పావు 9 మీటర్లు. దానికంటే పల్చని పొర పైముఖం, కిందిముఖం విడివిడిగా కనపడవు. పైన మైనస్, కింద ప్లస్, రెండూ కలిసి వేవ్‌లెట్ అవకలనం లాంటిది వస్తుంది, చూడటానికి 90 డిగ్రీలు తిరిగిన వేవ్‌లెట్‌లా ఉంటుంది. 4 మిల్లీసెకన్ల నమూనాతో అక్కడ పని కాదు, మోడల్‌నైనా 1 మిల్లీసెకను లేదా అంతకంటే తక్కువ అంతరంతో చేయండి. పొరల మీద పొరలుగా బొగ్గు ఉన్నచోట పరావర్తన గుణకాల వరుస యాదృచ్ఛికంగా కూడా ఉండదు. లాగు లేకుండా ట్రేస్ స్వయంసహసంబంధం నుంచే వేవ్‌లెట్ తీసే పద్ధతులన్నీ అది యాదృచ్ఛికమనే నమ్మకం మీదే నిలబడ్డాయి, బొగ్గు నేలలో అవి పొరల లయను కూడా వేవ్‌లెట్‌లో కలిపేస్తాయి.

మోడల్ నుంచి నిజమైన ఫీల్డు డేటాకు ఎప్పుడైనా వస్తే, వేవ్‌లెట్ ఒక్కటే ఉంటుందని అనుకోకండి. డైనమైట్ పేల్చే గుంట నల్లరేగడిలో, తడి మట్టిలో ఉంటే ఒక స్పందన, ఎండిన చెలక నేలలో ఉంటే ఇంకో స్పందన. ఒకే లైను మీద రెండూ వస్తాయి. అప్పుడు షాట్‌కో వేవ్‌లెట్ లెక్కలోకి వస్తుంది, గుణకాల సంఖ్య మళ్లీ పెరుగుతుంది, మాస్టారు వేసిన లెక్క మళ్లీ వేసుకోవలసి వస్తుంది. మోడల్ సిద్ధమైతే పొరల మందాలు, వేగాలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.